'అరవై దాటించబాక': కొత్త కారు మొదటి వెయ్యి కిలోమీటర్ల లెక్క

షోరూమ్‌లో తాళాలు చేతికొచ్చిన గంటలోపే కొత్త కారుకు సలహాలు మొదలవుతాయి. నెల్లూరైనా ఒంగోలైనా వరస ఒకటే. గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, బానెట్ మీద పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తుండగానే పెద్దవాళ్లలో ఒకరు అందుకుంటారు: "అబ్బయా, వెయ్యి తిరిగేదాకా అరవై దాటించబాక. ఇంజిన్ ఇంకా టైటుగా ఉంటాది." పక్కనున్న కుర్రాడు ఒప్పుకోడు. "అదంతా పాత కాలం మామా. మొదట్నుంచీ లాగిస్తేనే పికప్ వస్తాది. మెల్లగా నడిపితే బండి ఎప్పటికీ మొద్దుగానే ఉండిపోతాది."

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. చిక్కల్లా ఇద్దరూ వేగం గురించే మాట్లాడటంలో ఉంది. స్పీడోమీటర్ మీది అంకె ఇంజిన్‌కు తెలియదు. నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత బరువు లాగుతోంది, ఎంత వేడెక్కింది, అదే పని ఎంతసేపటి నుంచి చేస్తోంది, దానికి తెలిసేవి ఇవే. అరవైలో పోయే కారు మూడో గేరులో ఉంటే ఒక సంగతి, ఐదో గేరులో ఉంటే మరో సంగతి. అదే అరవైలో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఫుల్లుగా ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే ఇంకో సంగతి. కొత్త ఇంజిన్ భాగాలు అరిగి ఒకదానికొకటి అమరేదాకా చూసి నడపడాన్నే రన్నింగ్ ఇన్ అంటారు. దాన్ని కిలోమీటర్ల వేగంతో కొలిచినంతకాలం ఈ వాదన తేలదు.

అరవై ఎక్కణ్నుంచి వచ్చింది

పెద్దాయన మాట గాల్లోంచి ఊడిపడలేదు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు తిరిగిన కాలంలో అది పనికొచ్చే మాటే. ఒకటి బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి, మరొకటి ఇటలీ ఫియట్ నుంచి వచ్చిన 1950ల నాటి డిజైన్లు. విడి భాగాల కొలతల్లో తేడాలు ఎక్కువ. సిలిండర్ (ఇంధనం మండే గొట్టం), అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్, బేరింగు ఒకదానికొకటి అమరడమనే పనిలో ఫ్యాక్టరీ కొంత చేసి పంపితే, మిగతాది రోడ్డు మీద ఓనరు పూర్తి చేసుకోవాల్సి వచ్చేది. ఆయిళ్లు కూడా ఇప్పటిలాంటివి కావు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక బండ్లు మారాయి గానీ, నోటి మాట మాత్రం అలాగే నిలిచిపోయింది.

ఈ మాటకు ఇంకో పుట్టిల్లు మెకానిక్ షెడ్డు. ఆ రోజుల్లో ఇంజిన్ బోరుకు రావడం, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగి మళ్లీ కోయించాల్సి రావడం మామూలే. లేత్ షాపులో బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేసి బండి అప్పజెప్పేటప్పుడు మెకానిక్ "నలభై యాభై మీదే నడపండి" అని గట్టిగా చెప్పి పంపేవాడు. బోరు ఎంత సమంగా వచ్చిందో, ఎక్కడ బిగువుగా మిగిలిందో ఆయనకే పూర్తి నమ్మకం ఉండేది కాదు. వేడెక్కి పిస్టన్ పట్టేస్తే మాట తనకే వస్తుంది. చేత్తో చేసిన పనికి ఆ జాగ్రత్త సరైనదే. కంప్యూటర్ నియంత్రణలో కోసిన ఇంజిన్‌కు దాన్ని అంటగట్టడమే తేడా.

పెన్నా కింద వరి పండించే ఇళ్లలో మూడో మూలం కూడా దొరుకుతుంది: ట్రాక్టరు. కొత్త ట్రాక్టరుకు మొదటి 50 గంటలు తేలిక పనులే చెప్పి, 50 గంటలకు మొదటి సర్వీసు చేయించడం రైతులకు బాగా తెలిసిన నియమం. కొన్న వారానికే కేజ్ వీల్స్ తగిలించి దమ్ములో దించితే ఊళ్లో నాలుగు మాటలు పడాల్సిందే. ఇంట్లోకి ముందు ట్రాక్టరు, తర్వాత బైకు, ఆ తర్వాత కారు వచ్చిన కుటుంబంలో మొదటి దాని నియమం చివరి దానికీ వర్తిస్తుందనుకోవడం సహజం.

గోడకూ రింగుకూ మధ్య జరిగేది

ఇప్పటి ఇంజిన్‌లో రోడ్డు మీద పూర్తి కావాల్సిన పని ఏదైనా మిగిలి ఉంటే, అది ప్రధానంగా సిలిండర్ గోడకూ, పిస్టన్ చుట్టూ కూర్చుని సందు మూసే లోహపు పట్టీలైన పిస్టన్ రింగులకూ మధ్య జరిగేదే. సిలిండర్ గోడ అద్దంలా నున్నగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కావాలనే అలా ఉంచరు. బోరు తీశాక హోనింగ్ రాళ్లతో గోడ మీద ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకునే సన్నటి గీతలు పెడతారు, తిరగలి రాయికి గంట్లు కొట్టినట్టు. వీటి లోతు మైక్రాన్లలో ఉంటుంది. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన గట్లు కొత్త రింగు అంచును కాస్త అరగదీస్తాయి, తామూ కాస్త అరుగుతాయి. ఈ అరుగుడు పూర్తయ్యేసరికి రింగు అంచు ఆ సిలిండర్ ఆకారానికి సరిగ్గా సరిపోతుంది. ఇంజిన్ ఫ్రీ అయిందని జనం అనేది ఎక్కువగా ఈ పని గురించే.

అయితే రింగును గోడకు ఆనించి పట్టేది ఏది? రింగుకు సొంతంగా స్ప్రింగు బిగువు ఉంటుంది గానీ అది కొద్దిదే. మైలేజీ కోసం ఇప్పటి ఇంజిన్లలో దాన్ని ఇంకా తగ్గించారు. అసలు బలం మండే గ్యాసుది. సిలిండర్‌లో మంట అంటుకోగానే పెరిగే ఒత్తిడి పై రింగు వెనక ఉన్న సందులోకి దూరి, దాన్ని గోడ మీదకు నెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ లోపలికి గాలి, ఇంధనం ఎక్కువ పోతాయి, ఒత్తిడి పెరుగుతుంది, రింగు అంత గట్టిగా ఆనుతుంది. అంటే రింగులు సెట్ కావాలంటే ఇంజిన్ ఎంతో కొంత బరువు లాగాల్సిందే. కుర్రాడి మాటలో ఉన్న నిజం ఇది.

అదేపనిగా మెత్తగా నడిపితే ఒత్తిడి చాలక రింగు గోడను సరిగ్గా పట్టదు. గీతల్లోని ఆయిల్ కొంత పైకి జారి, మంట వేడికి గోడ మీదే కాలి పొరలా అంటుకుంటుంది. గీతలు పూడుకుపోయి గోడ గాజులా మారుతుంది. గ్లేజింగ్ అనేది దీన్నే. అలాంటి గోడ మీద రింగు ఇక అరగదు. ఆయిల్ పైకి, మండిన గ్యాసు కిందికి తప్పించుకుంటూనే ఉంటాయి. సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర డీజిల్ జనరేటర్లు పెట్టుకున్నవాళ్లకు ఈ జబ్బు కొత్త కాదు. పెద్ద జనరేటరు మీద, చెరువు నీటికి గాలి కలిపే ఏరేటర్లు ఒకటి రెండే వేసి గంటల తరబడి నడిపితే పొగగొట్టం నుంచి నల్లటి జిడ్డు కారడం మొదలవుతుంది. బరువు లేకపోవడమే దానికి చేటు. పెట్రోల్ కారులో ఇంత ముదరడం అరుదు. అయినా సూత్రం ఒకటే.

మరి కుర్రాడు చెప్పినట్టు మొదటి రోజే నేలకు తొక్కేయాలా? అక్కర్లేదు. గట్లు ఇంకా పదునుగా ఉన్నప్పుడు రాపిడి ఎక్కువ, దాంతో వేడీ ఎక్కువ. ఆ వేడి ఒకేచోట పోగైతే ఆయిల్ పొర తెగి లోహం లోహాన్ని పట్టుకుంటుంది, గోడ మీద నిలువు గాట్లు పడతాయి. నిలువు గాటు పడితే ఏ రింగూ దాన్ని మూయలేదు. కాబట్టి కొత్త ఇంజిన్‌కు కావాల్సింది కొన్ని సెకన్ల బరువు, వెంటనే కాస్త ఊపిరి, మళ్లీ బరువు. యాక్సిలరేటర్ వదిలి కారును గేరులోనే జారనిచ్చినప్పుడు సిలిండర్‌లో ఏర్పడే వాక్యూమ్ కింది నుంచి కొద్దిగా ఆయిల్‌ను పైకి లాగుతుంది. అది గోడను చల్లబరిచి, అరిగిన పొడిని కడుగుతుంది. తొక్కడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం. మన సలహాల్లో ఈ రెండో సగం ఎప్పుడూ వినిపించదు.

ఫ్యాక్టరీలు ఈ పనిలో చాలాభాగం ముందే చేసేస్తున్నాయన్నదీ నిజమే. ప్లాటో హోనింగ్ అనే పద్ధతిలో గట్ల పదునైన కొనలను అక్కడే కోసేస్తారు. క్రాంక్ షాఫ్ట్ బేరింగులైతే నడిచేటప్పుడు ఆయిల్ పొర మీద తేలుతుంటాయి, వాటికి రోడ్డు మీద అరిగి సెట్ అవ్వాల్సిన పని దాదాపు లేదు. అందుకే ఏ జాగ్రత్తా తీసుకోకుండా నడిపిన కార్లు కూడా చాలావరకు బాగానే తిరుగుతున్నాయి. రన్నింగ్ ఇన్ మీద మరీ టెన్షన్ పడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. ఐదేళ్లకు కారు మార్చేవాళ్లకు తేడా కనిపించకపోవచ్చు. పదేళ్లు, పదిహేనేళ్లు ఉంచుకుందామనుకునేవాళ్లకు మాత్రం ఈ వెయ్యి కిలోమీటర్ల ఓపిక దండగ కాదు.

పుస్తకంలో ఉన్నది

కారుతో ఇచ్చే ఓనర్స్ మాన్యువల్ డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా ఉండిపోవడం మామూలే. దాన్ని తీసి చూస్తే ఒక వింత కనిపిస్తుంది: అరవై అనే నియమం అందులో సాధారణంగా ఉండదు. హ్యుందాయ్ పుస్తకాలు మొదటి 1000 కి.మీ. వరకు ఇంజిన్‌ను 2000 నుంచి 4000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య నడపమంటాయి. ఒకే వేగంలో ఎక్కువసేపు పోవద్దు, గట్టిగా బ్రేకు కొట్టొద్దు అంటాయి. మొదటి 2000 కి.మీ. దాకా వెనక ట్రైలరు తగిలించొద్దనీ ఉంటుంది. సుజుకీ పుస్తకాల్లో 960 కి.మీ. వరకు ఓ మోస్తరు ఇంజిన్ వేగం, 320 కి.మీ. వరకు గట్టి బ్రేకులు వద్దు అనే మాటలు కనిపిస్తాయి. ఈ 960, 320 ఇంత కచ్చితంగా ఎందుకున్నాయా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. అవి 600 మైళ్లు, 200 మైళ్లు, అంతే. 960 దాటి 961 పడగానే ఇంజిన్‌లో ఏదో మారిపోతుందని ఎవరూ అనడం లేదు.

గమనించాల్సింది కింది హద్దు. నాలుగు వేలు దాటొద్దన్నది అందరికీ గుర్తుంటుంది. రెండు వేల కిందికి పడేయొద్దన్నది ఎవరికీ గుర్తుండదు.

హైవే, ఊరి రోడ్డు, కొండ

నెల్లూరు, ఒంగోలు వాళ్లకు కొత్త కారుతో మొదటి దూరప్రయాణం అంటే చాలావరకు 16వ నంబరు జాతీయ రహదారే. చెన్నై వైపో, విజయవాడ వైపో. రోడ్డు తిన్నగా ఉంటుంది. కారు ఐదో గేరులో పడ్డాక ఎనభై దగ్గర కాలు కదలదు. క్రూయిజ్ కంట్రోల్ ఉంటే ఆ కాలు కూడా అక్కర్లేదు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా సుమారు 120 కి.మీ. ఇలా పోతే, కారును ఎంతో సుకుమారంగా నడిపామన్న తృప్తి మిగులుతుంది. కొత్త ఇంజిన్ వైపు నుంచి చూస్తే గంటన్నరసేపు ఒకే చుట్లు, ఒకే తేలిక బరువు. మాన్యువళ్లు వద్దనేది సరిగ్గా దీన్నే.

విరుగుడు కష్టమేం కాదు. మధ్యలో ముసునూరు, టంగుటూరు టోల్ గేట్లు కొంత పని అవే చేసిపెడతాయి. గేటు దాటాక రెండో గేరు నుంచి మూడు, నాలుగు దాకా ఒక్కో గేరులో ఇంజిన్‌ను మూడు, మూడున్నర వేల చుట్ల దాకా నిబ్బరంగా పెంచుతూ వెళ్లాలి. మిగతా దారిలో పది, పదిహేను నిమిషాలకోసారి వెనకా ముందూ చూసుకుని అరవైకి తగ్గించి, నాలుగో గేరులో మళ్లీ తొంభై దాకా లాగి, కాలు వదిలి జారనివ్వాలి. ఆటోమేటిక్ అయితే స్పోర్ట్ మోడ్‌లోనో, మాన్యువల్ మోడ్‌లోనో పెట్టుకుంటే అదే పని జరుగుతుంది. క్రూయిజ్ కంట్రోల్ సరదా రెండో నెలకు వాయిదా వేసుకోవచ్చు.

హైవే కంటే ఊళ్ల మధ్య రోడ్లే ఈ పనికి మేలు. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం, సంగం మీదుగా ఆత్మకూరు పోయే దారి తీసుకుంటే, ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు, ఆగి ఎక్కించుకునే బస్సులు. డ్రైవరుకు విసుగు గానీ ఇంజిన్‌కు ఇంతకంటే మంచి వ్యాయామం లేదు. ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పొదిలి వైపు వెళ్తే గ్రానైటు రాళ్లు మోసే లారీలు తగులుతాయి. లారీ వెనక నలభైలో పోతూ, దారి దొరికినప్పుడు మూడో గేరులోకి వచ్చి ఓవర్‌టేక్ చేసి, ముందుకెళ్లి మళ్లీ తగ్గడం. రింగులు సెట్ కావడానికి పుస్తకం రాసినవాళ్లు కోరుకునే నడక ఇదే. వేగం ఎక్కడా అరవై దాటకపోయినా పని జరిగిపోతుంది. కాబట్టి పెద్దాయన మాట పాటిస్తూనే కుర్రాడు చెప్పిన ఫలితం రాబట్టుకోవచ్చు.

ఇక కొండ సంగతి. కొత్త కారును తిరుమల తీసుకెళ్లాలన్న మొక్కు ఇటువైపు చాలా ఇళ్లలో ఉంటుంది. కొత్త ఇంజిన్‌తో ఘాట్ ఎక్కించొచ్చా అన్న అనుమానమూ ఉంటుంది. ఎక్కించొచ్చు. నెల్లూరు నుంచి తిరుపతి చేరేసరికి ఇంజిన్ ఎలాగూ పూర్తిగా వేడెక్కి ఉంటుంది. మలుపు మలుపుకూ బరువు మారుతూ ఉండే ఘాట్ రోడ్డు రింగులకు మంచిదే. ఎక్కేటప్పుడు తప్పు జరిగేది గేరు దగ్గర. ఇంజిన్ అరుస్తోందని మూడు, నాలుగు గేర్లలోనే ఈడ్చితే అది తక్కువ చుట్ల మీద ఎక్కువ బరువు మోస్తూ వణుకుతుంది. రెండో గేరులో మూడు వేల చుట్లు తిరుగుతూ ఎక్కడం దానికి సుఖం. దిగేటప్పుడు న్యూట్రల్‌లో జారనివ్వకుండా రెండు, మూడు గేర్లలో దిగితే ఇంతకుముందు చెప్పిన వాక్యూమ్ పని మొత్తం దారి పొడవునా జరుగుతుంది, ఇంకా సెట్ కాని కొత్త బ్రేకులూ కాలిపోకుండా ఉంటాయి. శనివారం ఒక్కరోజే దర్శనం ఉండే మాలకొండకు వెళ్లినా ఇదే లెక్క.

ఈడ్చడం అన్న మాట వచ్చింది కాబట్టి దాని మీద ఇంకాస్త. మైలేజీ కోసం నలభైకే ఐదో గేరు వేయడం మన దగ్గర దాదాపు ఒక విద్య. పాత బండ్లలో అది గడగడమని కొట్టుకుని డ్రైవరును హెచ్చరించేది. ఇప్పటి ఇంజిన్లలో కంప్యూటరు ఆ శబ్దాన్ని చాలావరకు కప్పిపుచ్చుతుంది. తక్కువ చుట్ల దగ్గర ఆయిల్ పంపు ఒత్తిడి తక్కువ, బేరింగుల మీద బరువు ఎక్కువ. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఇంకో ప్రమాదం కూడా ఉంది: తక్కువ చుట్లలో గట్టిగా తొక్కితే స్పార్కు పడకముందే మిశ్రమం దానంతట అదే అంటుకునే అవకాశం. అలా జరిగితే పిస్టన్‌కే దెబ్బ. కొత్త కారును ఎనభైలో నడిపామా, తొంభైలో నడిపామా అన్న బెంగ కంటే ఇది పెద్దది.

అసలు మన ఎండకు పుట్టిన అలవాటు ఒకటుంది, దాని గురించి ఎవరూ హెచ్చరించరు. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఆస్పత్రి ముందో, కళ్యాణ మండపం బయటో కారు ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఏసీ వేసుకుని లోపల కూర్చోవడం. అరగంట, ముప్పావుగంట. కారు కదల్లేదు కాబట్టి ఇంజిన్‌కు శ్రమ లేదనిపిస్తుంది. కానీ కొత్త ఇంజిన్‌కు ఐడ్లింగే చెడ్డ స్థితి: సిలిండర్ ఒత్తిడి తక్కువ, కాబట్టి రింగు ఆనదు, ఆయిల్ ఒత్తిడి తక్కువ, ఎదురుగాలి లేదు, ఫ్యానే దిక్కు. ఓడోమీటర్ మీద ఒక్క కిలోమీటరూ పడదు గానీ ఇంజిన్ గంటలు పడుతుంటాయి. మొదటి నెలలో వీలైనంతవరకు కారును చెట్టు నీడన పెట్టి, ఇంజిన్ ఆపి, దిగి కూర్చోవడమే నయం. చంటిబిడ్డో, రోగో లోపల ఉంటే అది వేరే విషయం. అప్పుడు ఇంజిన్ సంగతి తర్వాత.

ఎండాకాలంలో ఇంజిన్ పొద్దున్నే వేడిగానే ఉంటుంది కదా, స్టార్ట్ చేయగానే తోలేయొచ్చు అన్నదీ సగం నిజమే. బయట 35 డిగ్రీలున్నా, నడిచే ఇంజిన్‌లో ఆయిల్ వేడి 90 డిగ్రీల పైచిలుకు. ఆ లెక్కన మన ఎండాకాలపు ఇంజిన్ కూడా చల్లటి ఇంజిన్ కిందే లెక్క. డాష్‌బోర్డు మీది ముల్లు చూపించేది కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి. ఆయిల్ వేడెక్కడానికి దానికంటే ఎక్కువసేపు పడుతుంది. నిలబెట్టి వేడెక్కించనక్కర్లేదు. అర నిమిషం ఆగి బయల్దేరి, మొదటి ఐదారు కిలోమీటర్లు నెమ్మదిగా పోతే చాలు. ఇంటి నుంచి కొట్టుకు రెండు కిలోమీటర్లు, కొట్టు నుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారు ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు. ఆయిల్‌లో కలిసిన పెట్రోల్, తేమ ఆవిరి కావు. అలాంటివాళ్లు వారానికోసారైనా కారును ఊరి బయటకు తీసుకెళ్లాలి. మైపాడు బీచి దాకా వెళ్లొచ్చినా సరిపోతుంది.

ఆయిల్ గొడవ

వెయ్యికే ఆయిల్ మార్పించాలా? ఈ ప్రశ్న బైకుల నుంచి కార్లకు పాకింది. మామూలు గేర్ల బైకులో ఇంజిన్‌కూ, గేర్‌బాక్సుకూ, క్లచ్‌కూ ఒకటే ఆయిల్. కొత్త గేర్ల నుంచి రాలే పొడి, క్లచ్ ప్లేట్ల పొడి అన్నీ అందులోనే చేరతాయి కాబట్టి మొదటి సర్వీసులోనే మార్చడం అవసరం. కారులో గేర్‌బాక్సు ఆయిల్ వేరు. ఇంజిన్ ఆయిల్‌కు మంచి ఫిల్టరూ ఉంటుంది. మారుతి లాంటి కంపెనీల మొదటి ఉచిత సర్వీసు 1000 కి.మీ. లేదా నెల రోజులకు. అందులో ఆయిల్ చూస్తారే గానీ మార్చరు. 'ఫ్రీ సర్వీసు పేరు చెప్పి ఆయిల్ కూడా మార్చలేదు' అని తిట్టుకోవడం అనవసరం.

అయినా సొంత డబ్బుతో రెండు, మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి ముందుగా మార్పించుకుంటానంటే తప్పు పట్టాల్సింది కూడా లేదు. మొదటి ఆయిల్‌లో అరుగుడు పొడి ఎక్కువ, ఫిల్టరుకు దొరకనంత సన్నటి కణాలూ ఉంటాయి. ఖర్చుతో పోలిస్తే లాభం చిన్నదే, నష్టం మాత్రం లేదు. ఒక్క షరతు: మాన్యువల్ చెప్పిన గ్రేడే (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకె) పోయాలి. 0డబ్ల్యూ-20 పోయాల్సిన ఇంజిన్‌లో, మన ఎండలకు చిక్కటిదే మంచిదని 20డబ్ల్యూ-50 పోసే సలహా ఇంకా అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది. ఆ ఇంజిన్ సందులు పల్చటి ఆయిల్‌ను దృష్టిలో పెట్టుకుని కోసినవి.

మార్చడం కంటే ముఖ్యమైనది చూడటం. సమంగా ఉన్న నేల మీద కారు పెట్టి, ఇంజిన్ ఆపి ఐదు, పది నిమిషాలు ఆగాలి, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి కదా. బానెట్ ఎత్తితే పసుపు రంగు రింగు ఉన్న డిప్‌స్టిక్ చాలా కార్లలో ఎదురుగానే కనిపిస్తుంది. బయటకు లాగి, నూలుగుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి తోసి తీస్తే తడి ఎక్కడిదాకా ఉందో తెలుస్తుంది. కింది గుర్తుకూ పై గుర్తుకూ మధ్య ఉంటే బాగున్నట్టు. మొదటిసారి తీసినప్పుడు కనిపించే తడిని నమ్మకూడదు, అది పుల్ల పొడవునా పూసుకుపోయి ఉంటుంది. కొత్త కారు కదా, కంపెనీవాళ్లు పోసే ఉంటారు అనుకుని సంవత్సరం పాటు బానెట్ ఎత్తనివాళ్లు ఎందరో. రింగులు సెట్ అయ్యేదాకా ఆయిల్ కాస్త ఎక్కువ కాలడం మామూలు కాబట్టి, చూడాల్సిన కాలం కూడా అదే.

ఇంజిన్ గొడవలో పడి మరిచిపోయేవి రెండున్నాయి. బ్రేకు ప్యాడ్లు డిస్కుకు పూర్తిగా ఆని పట్టడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. కొత్త టైర్ల పైపొర మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన పదార్థం ఇంకా ఉంటుంది, వానలో పట్టు తక్కువ. నిజానికి మొదటి వారంలో నెమ్మదిగా పోవడానికి ఇంజిన్ కంటే ఇవే బలమైన కారణాలు.

డీజిల్ కొన్నవాళ్లకు ఓపిక ఇంకాస్త ఎక్కువ కావాలి. కంప్రెషన్ ఎక్కువ, రింగులు గట్టివి, సెట్ కావడానికి ఎక్కువ దూరం పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, దాన్ని కాల్చి శుభ్రం చేసుకోవడానికి కారు అప్పుడప్పుడు హైవే ఎక్కాలి. టౌన్‌లోనే తిరిగేవాళ్లు డీజిల్ కొనకపోవడమే మేలు. హైబ్రిడ్‌లో ఇంజిన్ ఎప్పుడు ఆన్ అవుతుందో డ్రైవరు చేతిలో ఉండదు కాబట్టి ఓడోమీటర్ మీద వెయ్యి పడ్డా ఇంజిన్ తిరిగింది అంతకంటే తక్కువే. విద్యుత్ కారుకు ఈ వ్యాసంతో పని లేదు, బ్రేకులు, టైర్ల పేరా తప్ప.

మొదటి ట్యాంకు మైలేజీ చూసి దిగాలు పడటం ఇంకో తతంగం. ప్రకటనలో ఉన్న అంకెకూ చేతికొచ్చిన అంకెకూ పొంతన ఉండదు. ఇంజిన్ ఇంకా బిగువుగా ఉంది, టైర్లు కొత్తవి, ఏసీ ఫుల్లు, చుట్టాలందరినీ ఎక్కించుకుని తిప్పడం. మైలేజీ, పికప్ సుమారు 6000 కి.మీ. తర్వాతే నిలకడకు వస్తాయని హ్యుందాయ్ పుస్తకాలే రాస్తాయి. మొదటి సర్వీసులో 'మైలేజీ తక్కువ' అని కంప్లయింట్ రాయిస్తే వచ్చే సమాధానమూ అదే. అది తప్పించుకునే మాట కాదు.

ఆయిల్ తగ్గుదలను మాత్రం అంత తేలిగ్గా వదిలేయకూడదు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా పుస్తకాల్లో 1000 కి.మీ.కు అర లీటరు దాకా తగ్గడం మామూలేనని, మొదటి 5000 కి.మీ.లో అంతకంటే కొంచెం ఎక్కువ కూడా ఉండొచ్చని ఉంటుంది. ఆ దూరం దాటాక కూడా డిప్‌స్టిక్ మీద తడి అంతకంతకూ కిందికి దిగుతున్నా, దిగువకు జారి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం పొగ కనిపిస్తున్నా, రింగులు సరిగ్గా సెట్ కాలేదేమో చూడాల్సిందే. సర్వీస్ సెంటర్‌లో నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా జాబ్ కార్డు మీద రాయించాలి. అప్పుడు వాళ్లు ఆయిల్‌ను పై గుర్తు దాకా పోసి, కిలోమీటర్లు రాసుకుని, వెయ్యి తిరిగాక మళ్లీ తెమ్మంటారు, ఎంత తగ్గిందో కొలుస్తారు. ఈలోగా ఇంట్లో ఆయిల్ కలిపితే కొలత చెడిపోతుంది. వారంటీ గడువులోగా ఈ కాగితం చేతిలో ఉంటే ఇంజిన్ విప్పే ఖర్చు కంపెనీ భరించాలా, ఓనరు భరించాలా అన్నది తేల్చుకోవడం సులువవుతుంది.